చలి లేని ఊళ్లో హీటరు ఫ్యూజు!

విశాఖపట్నంలో చలికి ఇంజిను మొరాయించిన లారీని చూసినవాళ్లు ఉండరు. జనవరి తెల్లవారుజామున పోర్టు గేటు ముందు వరసకట్టిన లారీలు కూడా సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతాయి. డ్రైవరు దుప్పటి కప్పుకుంటాడేమో గానీ ఇంజినుకు ఆ అవసరం రాదు. అలాంటి ఊళ్లో ఓ కొత్త లారీ ఫ్యూజుబాక్సు మూత తెరిస్తే, కొన్ని మోడళ్లలో 'హీటర్' అని రాసివున్న గడి కనిపిస్తుంది!

ఉక్కపోతతో ఉడికిపోయే ఊళ్లో హీటరేమిటి? దాని ఫ్యూజు పోతే మాత్రం మనకేంటి... అని తీసిపారేయడానికి లేదు. ఆ ఫ్యూజు పోతే డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలగొచ్చు. దీపం వెలిగిన బండిని ఓనరు మెకానిక్ దగ్గరకు పంపిస్తాడు. మెకానిక్ ముందుగా వెతికేది ఫ్యూజునే. అది ఎక్కడుందో కనిపెట్టడం సగం పని. ఎందుకు పోయిందో కనిపెట్టడం మిగతా సగం. ఆ రెండో సగాన్ని వదిలేసి వైరుముక్కతో సరిపెట్టేసిన చోటే ప్రమాదం మొదలవుతుంది.

లారీలో ఎంత వెతికినా దొరకదు

హీటరు కథ మంచుదేశాల్లో మొదలైంది. కెనడాలోని ఎడ్మంటన్, విన్నిపెగ్ లాంటి ఊళ్లలో చలికాలం మైనస్ 30 డిగ్రీలు మామూలే. ఆ చలికి ఇంజినాయిలు పాకంలా చిక్కబడుతుంది. బ్యాటరీ సత్తువ సగానికి పడిపోతుంది. డీజిల్లో ఉండే మైనం గడ్డకట్టి ఫిల్టరుకు అడ్డుపడుతుంది. ఇక సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా ఇంజిను తిరగదు.

అందుకే అక్కడ బళ్లకు 'బ్లాక్ హీటర్' పెడతారు. మన బకెట్లో నీళ్లు కాచే హీటరు లాంటిదే. కాకపోతే ఇంజిను లోపల తిరిగే కూలెంటును వేడిచేస్తుంది. దాని తీగ బంపరు దగ్గర బయటకు వేలాడుతూ ఉంటుంది. రాత్రి బండి నిలిపాక దాన్ని గోడకున్న ప్లగ్గులో పెట్టేస్తే, పొద్దున్నకి ఇంజిను గోరువెచ్చగా ఉంటుంది. ఆ ఊళ్లలో కొన్ని పార్కింగు స్థలాల్లో వరసగా ప్లగ్గు పాయింట్లు ఉండటం అక్కడికి వెళ్లిన మనవాళ్లకు మొదట్లో వింతగా తోస్తుంది.

ఇక్కడే ఓ తిరకాసు ఉంది. హీటరు పనిచేయకపోతే చాలామంది బండిలో ఫ్యూజు కోసం వెతుకుతారు. సాధారణంగా అది బండిలో ఉండదు! ఎందుకంటే ఈ హీటరు నడిచేది బండి బ్యాటరీతో కాదు, ఇంటి కరెంటుతో. దానికి కాపలా కాసేది ఇంటి స్విచ్‌బోర్డులోని బ్రేకరు. అక్కడి ఇళ్లలో 120 ఓల్టుల కరెంటు వస్తుంది. మామూలు బ్రేకరు 15 ఆంపియర్లది. రెంటినీ హెచ్చవేస్తే 1,800 వాట్లు. పెద్ద ట్రక్కు హీటరు ఒక్కటే వెయ్యి, పదిహేను వందల వాట్లు లాగుతుంది. ఒకే లైను మీద రెండు హీటర్లు పెడితే బ్రేకరు పడిపోక ఏం చేస్తుంది?

కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా ఫ్యూజు కోసం వెతకడం దండగ. ఈ సూత్రం ఎడ్మంటన్‌కు ఎంతో గాజువాకకూ అంతే.

మన దేశంలోనూ లదాఖ్ లాంటి చోట్ల ఈ తిప్పలున్నాయి. గడ్డకట్టిన డీజిలు ట్యాంకు కింద మంటపెట్టి వెచ్చచేసే డ్రైవర్లు అక్కడ ఉండేవారు. మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని ప్రత్యేక డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లదాఖ్ కోసం తెచ్చింది. మన మన్యంలో లంబసింగి చలి ఎంత పేరుపడినా ఇంజినుకు హీటరు పెట్టాల్సినంతది కాదు.

యూరియా నీళ్లకు వెచ్చదనం

మరి విశాఖ లారీలోకి హీటరు ఎలా వచ్చింది? 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్ 6 నిబంధనలు అమలయ్యాయి. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి పెద్ద లారీలకు డీజిల్ ట్యాంకుతో పాటు మరో చిన్న ట్యాంకు వచ్చింది. అందులో పోసే ద్రవాన్ని డెఫ్ అనీ, యాడ్‌బ్లూ అనీ అంటారు. అది 32.5 శాతం యూరియా, మిగతా అంతా శుద్ధిచేసిన నీరు. సైలెన్సర్ దారిలో ఈ ద్రవాన్ని చిమ్మితే, వేడికి అమోనియాగా మారి విషవాయువును నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది.

చిక్కల్లా ఒక్కటే... ఈ ద్రవం మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. నేషనల్ పర్మిట్ లారీ ఇవాళ విశాఖలో ఉంటే మరో వారానికి కశ్మీరులో ఉండొచ్చు. అందుకే ట్యాంకును వెచ్చచేయడానికి ఇంజిను కూలెంటును మళ్లించే ఏర్పాటు ఉంటుంది. చాలా మోడళ్లలో ద్రవం వెళ్లే గొట్టాలకు కరెంటుతో వేడెక్కే తీగలు కూడా చుట్టి ఉంటాయి. ఆ తీగలకో రిలే, ఓ ఫ్యూజు.

విశాఖలో ఆ హీటరుకు పని తగలదు. కానీ బండిలోని కంప్యూటరు ఊరుకోదు. తన కింద ఉన్న ప్రతి తీగ బాగుందో లేదో చూసుకుంటుంది. తెగిన తీగో, పోయిన ఫ్యూజో కనిపిస్తే దీపం వెలిగిస్తుంది. అదే ఫ్యూజు మీద డెఫ్ పంపు కూడా ఆధారపడి ఉంటే వ్యవహారం ముదురుతుంది. ద్రవం చిమ్మడం ఆగిపోతే కొంతసేపటికి ఇంజిను బలం తగ్గేలా కంపెనీలు ముందే ఏర్పాటు చేశాయి. పాతిక టన్నుల లోడుతో ఘాటు ఎక్కుతున్న లారీకి బలం తగ్గిందంటే వెనకున్న బళ్లన్నిటికీ ఇబ్బందే.

ఒక్క హీటరే కాదు. కొత్తగా తయారయ్యే మధ్యరకం, భారీ లారీలన్నిటికీ 2025లో క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అయింది. మండుటెండలో పోర్టు బయట గంటల తరబడి వేచివుండే డ్రైవర్లకు ఇది పెద్ద ఊరట. దాంతోపాటు ఫ్యూజుబాక్సులో మరికొన్ని గడులూ పెరిగాయి.

ఇంతకీ ఎక్కడుంటుంది?

వెనకటి లారీల్లో ఫ్యూజులు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. హెడ్‌లైట్లు, హారను, వైపరు, ఇండికేటర్లు... అంతే. ఏ గడి దేనిదో క్లీనరు కూడా చెప్పేవాడు. ఇప్పటి లారీలో వాటి సంఖ్య డజన్లకు చేరింది. ఒకే చోటా ఉండవు.

చాలా మోడళ్లలో ప్రధాన ఫ్యూజుబాక్సు క్యాబిన్ లోపల, క్లీనరు కూర్చునే వైపు డాష్‌బోర్డు మూత వెనక ఉంటుంది. ఎక్కువ కరెంటు లాగే పరికరాల ఫ్యూజులు బయట, బ్యాటరీ పెట్టె దగ్గర ఉంటాయి. ఇవి బోల్టులతో బిగించిన పెద్దసైజువి. కొన్నిట్లో ఛాసిస్ మీద మరో పెట్టె ఉంటుంది. హీటరు లాంటివాటి ఫ్యూజు లోపలి బాక్సులో కనపడకపోతే బ్యాటరీ నుంచి బయల్దేరిన లావుపాటి తీగను పట్టుకుని వెళ్లాలి. అది ముందుగా ఏ పెట్టెలోకి దూరిందో అక్కడ ఉండే అవకాశం ఎక్కువ.

అన్నిటికన్నా తేలికైన దారి మరొకటుంది. మూత వెనక అతికించిన పటం చూడటం! ఏ నంబరు గడి దేనిది, ఎన్ని ఆంపియర్లు అన్నది అందులో ఉంటుంది. బండితోపాటు ఇచ్చిన పుస్తకంలోనూ ఉంటుంది. చాలా లారీల్లో ఆ పటం చిరిగిపోయి ఉంటుంది. పుస్తకం ఓనరు ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంటుంది. అర్ధరాత్రి అనకాపల్లి దగ్గరో తుని దగ్గరో బండి ఆగితే బీరువాలోని పుస్తకం ఎవరికి పనికొస్తుంది? ఆ ఒక్క పేజీని ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటే పైసా ఖర్చు లేదు.

ఫ్యూజును కంటితో చూసి బాగుందనుకోవడం కూడా పొరపాటే. లోపల వెంట్రుకంత పగులు ఉంటే కనిపించదు. అనుభవమున్న ఎలక్ట్రీషియన్ టెస్ట్‌ల్యాంపు పట్టుకుంటాడు. ఫ్యూజు నెత్తిమీద రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. ఆ లైనుకు స్విచ్ వేసి, రెండు చుక్కల దగ్గరా దీపం వెలిగితే ఫ్యూజు మంచిదే. ఒక్కదాని దగ్గరే వెలిగితే పోయినట్టు. రెండు చోట్లా వెలగలేదా... ఆ గడికి కరెంటే రావడంలేదు. తప్పు ఇంకా వెనక ఉంది.

ఉప్పుగాలి... బొగ్గుధూళి

విశాఖ లారీకి ఉన్నన్ని శత్రువులు లోపలి జిల్లాల లారీకి ఉండవు. మొదటిది సముద్రం. 1933లో మొదలైన పోర్టు, 2008 నుంచి నడుస్తున్న గంగవరం రేవు, తీరానికి ఆనుకునే కట్టిన ఉక్కు కర్మాగారం... లారీల పని చాలావరకు ఉప్పుగాలిలోనే. ఆ తేమ కనెక్టర్లలోకి దూరితే రాగి మీద పచ్చని చిలుం పడుతుంది. ఇత్తడి బిందెను పట్టించుకోకపోతే పట్టే చిలుంలాంటిదే. చిలుం పట్టిన చోట కరెంటు తేలిగ్గా పారదు. ఆ చోటు వేడెక్కుతుంది. ప్లాస్టిక్ గడి మెత్తబడుతుంది. ఫ్యూజు చక్కగా ఉన్నా గడి కాలిపోయి ఉండటం చాలాసార్లు ఇందువల్లే.

రెండోది ధూళి. బొగ్గు, ఖనిజాల రేణువులకు తేమ తోడైతే తీగల మధ్య కరెంటు పాకడానికి దారి దొరుకుతుంది. ఇక ఎరువులు, ధాన్యం మోసే లారీలకు ఎలుకల బెడద ఉండనే ఉంది. తీగ మీది ప్లాస్టిక్ తొడుగు వాటికి మహా ఇష్టం.

విశాఖకు ప్రత్యేకమైన మరో తలనొప్పి ట్రయిలర్. ఉక్కు కర్మాగారం నుంచి కమ్ములు, వైరు రాడ్ల చుట్టలు, యాంగిళ్లు వెళ్లేది పొడవాటి ట్రయిలర్ల మీద. రేవు నుంచి కంటెయినర్లూ అంతే. ముందుండే ఇంజిను బండికీ వెనకుండే ట్రయిలర్‌కీ మధ్య ఏడు పిన్నుల ప్లగ్గుతో ఓ చుట్టల తీగ ఉంటుంది. ట్రయిలర్ లైట్లన్నీ దానిమీదే వెలుగుతాయి. మలుపు తిరిగినప్పుడల్లా అది సాగుతుంది, రాపిడికి గురవుతుంది.

ట్రయిలర్ వెనక ఎక్కడో తీగ షార్టయితే పోయేది ముందుబండిలోని ఫ్యూజు. మెకానిక్ ముందుబండి అంతా వెతికి ఏమీ దొరక్క తలపట్టుకుంటాడు. దీనికి సులువైన పరీక్ష ఉంది. ప్లగ్గు ఊడదీసి కొత్త ఫ్యూజు వేయాలి. నిలిచిందంటే దోషం ట్రయిలర్‌ది. మళ్లీ పోయిందంటే ముందుబండిది. అయిదు నిమిషాల్లో సగం వెతుకులాట తీరిపోతుంది.

కాపలావాడికి లంచం

ఫ్యూజు దేన్ని కాపాడుతుంది? లైటునో హారనునో అనుకుంటారు చాలామంది. నిజానికి అది కాపాడేది తీగను. తీగ ఎంత కరెంటును వేడెక్కకుండా మోయగలదో చూసి, అంతకన్నా ముందే కరిగిపోయేలా ఫ్యూజును ఎంపిక చేస్తారు. లారీ కరెంటు 24 ఓల్టులు. పన్నెండేసి ఓల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపితే వచ్చేది. పది ఆంపియర్ల ఫ్యూజు ఉన్న లైను మీద 240 వాట్ల దాకా వాడొచ్చన్నమాట. అంతకు మించితే ఫ్యూజు తాను ప్రాణం వదిలి తీగను బతికిస్తుంది.

దాని చోట రాగిపోగు చుట్టారనుకుందాం. వెంట్రుకకన్నా కాస్త లావుండే ఒక్క పోగే ఆరేడు ఆంపియర్ల దాకా కరగదు. 'గట్టిగా ఉంటుంది' అని నాలుగైదు పోగులు మెలిపెడితే అది ముప్పై ఆంపియర్ల దాకా నిలుస్తుంది. పది ఆంపియర్ల లైనులో ముప్పై పారితే కరిగేది ఆ రాగిపోగు కాదు... డాష్‌బోర్డు వెనక చీకట్లో ఉన్న తీగ మీది తొడుగు. పక్కనే స్పాంజి, ప్లాస్టిక్, సీటు గుడ్డ. సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టడమూ ఇలాంటిదే. కాపలావాడికి లంచమిచ్చి నిద్రపుచ్చడమన్నమాట!

ఈ అలవాటు మనకు ఇంటి నుంచే వచ్చింది. పింగాణీ ఫ్యూజులున్న రోజుల్లో కరెంటు పోతే ఇంటిపెద్ద స్టూలెక్కి, చేతికందిన వైరు తీసి రెండు చుట్లు చుట్టేసేవాడు. 'ఇక పోదులే' అని మురిసిపోయేవాడు. పోకపోవడమే ప్రమాదమని ఎవరికీ తోచేది కాదు.

లారీల్లో మరో అలవాటు అదనపు హంగులు. రంగుల దీపాల తోరణాలు, రెండో హారను, ఫ్యాను, పాటల పెట్టె, నాలుగు ఫోన్ల ఛార్జర్లు. ఇవన్నీ పార్కింగు లైటు తీగకు తగిలించేస్తారు. అది అంత బరువు మోయలేదు. ఫ్యూజు పోతుంది. పెద్ద ఫ్యూజు వేస్తారు. అక్కడి నుంచి కథ మంటలవైపు నడుస్తుంది. పన్నెండు ఓల్టుల పాటల పెట్టె కోసం రెండు బ్యాటరీల్లో ఒక్కదానికే తీగ తగిలించడం మరో తప్పు. ఒకటి నీరసించి రెండోదాన్నీ పాడుచేస్తుంది. 24 ఓల్టులను పన్నెండుగా మార్చే కన్వర్టరు పెట్టుకుంటే ఆ గొడవుండదు.

మంటలు రాకపోయినా నష్టం తక్కువేం కాదు. వెనక లైట్ల ఫ్యూజు పోయిన లారీ రాత్రిపూట జాతీయ రహదారి పక్కన ఆగితే చీకట్లో గోడ నిలబెట్టినట్టే. కమ్ములు బయటకు పొడుచుకొచ్చిన ట్రయిలరైతే చెప్పక్కర్లేదు. వెనకనుంచి వచ్చేది పెళ్లికి వెళ్లే కారు కావచ్చు, పరీక్ష రాయడానికి వెళ్లే కుర్రాడి బైకు కావచ్చు. పది, ఇరవై రూపాయల ఫ్యూజు వెల అప్పుడు తెలుస్తుంది.

రంగుల లెక్క

ఇప్పటి బళ్లలో వాడే రెండు రేకుల ప్లాస్టిక్ ఫ్యూజులకు రంగును బట్టి సామర్థ్యం తెలుస్తుంది. కార్లకూ ఇదే లెక్క.

లేత గోధుమరంగు - 5 ఆంపియర్లు
ముదురు గోధుమరంగు - 7.5
ఎరుపు - 10
నీలం - 15
పసుపు - 20
రంగు లేనిది - 25
ఆకుపచ్చ - 30

పాత బళ్లలో ఉండే పింగాణీ గొట్టం ఫ్యూజులకు రంగుల లెక్క వేరు. అందులో ఎరుపంటే 16 ఆంపియర్లు, నీలమంటే 25. పాతబండి మేస్త్రీ అలవాటు కొద్దీ రంగు చూసి కొత్తబండికి చెబితే తేడా కొడుతుంది. మీద రాసిన అంకె చూడటమే మేలు.

ఫ్యూజు పోతే...

* బండిని రోడ్డు వారగా నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, వెనక కొంతదూరంలో హెచ్చరిక త్రికోణం పెట్టాలి. తర్వాతే ఫ్యూజు సంగతి.

* తాళం ఆపేసి, ఆ లైను మీదున్న స్విచ్‌లన్నీ కట్టేశాకే ఫ్యూజు లాగాలి.

* అదే అంకె ఉన్న ఫ్యూజే వేయాలి. లేకపోతే పని తక్కువున్న మరో గడిలోంచి అదే అంకెది తీసి వాడొచ్చు. లైట్లు, బ్రేకుల జోలికి పోకూడదు.

* వేసిన వెంటనే మళ్లీ పోతే మూడోది వేయొద్దు. షార్టు ఎక్కడో ఉంది. దాన్ని వెతకాలి.

* ఇండికేటరు వేస్తే బ్రేకులైటు కూడా మసగ్గా మినుకుమంటోందా? అది ఫ్యూజు తప్పు కాకపోవచ్చు. ఎర్త్ తీగ దగ్గర చిలుం గీకి, బోల్టు బిగించి చూడాలి.

* బీఎస్ 6 లారీకి తాళం తీసిన వెంటనే బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఆపొద్దు. గొట్టాల్లో మిగిలిన డెఫ్ ద్రవాన్ని పంపు వెనక్కి లాక్కోవడానికి కాసేపు పడుతుంది. ఎంతసేపన్నది బండి పుస్తకంలో ఉంటుంది.

* డాష్‌బోర్డులోంచి పొగ వస్తే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. వెంటనే బండి ఆపి, కటాఫ్ వేసి, దిగిపోవాలి. పొడి చిమ్మే అగ్నిమాపక సిలిండరు వాడాలి. 101కో 112కో ఫోన్ చేయాలి.

ఆటోనగర్‌లో మంచి ఎలక్ట్రీషియన్‌ను గుర్తుపట్టడానికి ఓ చిన్న కొండగుర్తుంది. ఫ్యూజు మార్చి, లైటు వెలగగానే డబ్బులడిగేవాడు ఒకరకం. 'ఈమధ్య బండికి కొత్తగా ఏమైనా తగిలించారా? వర్షంలో తడిసిందా? ట్రయిలర్ మార్చారా?' అని ముందు నాలుగు ప్రశ్నలడిగి, తర్వాత మూత తీసేవాడు మరోరకం. రెండోవాడు ఓ గంట ఎక్కువ తీసుకుంటాడు. నాలుగు డబ్బులూ ఎక్కువే అడగొచ్చు. లోడు ఎత్తే టైమైపోతోందని ఓనరు ఫోనులో తొందరపెడుతూనే ఉంటాడు. అయినా ఆ గంట ఇవ్వాల్సిందే. ఆ రాత్రి లారీ క్యాబిన్‌లో నిద్రపోయేది డ్రైవరు. అతని కోసం ఇంటి దగ్గర మేలుకుని ఉండేవాళ్లూ కొందరుంటారు.